ఫోటోలో గడియారం చెప్పేదంతా నిజం కాదు



ఈ పేజీలో మామూలుగా యూనిట్ టెస్టులకు పిల్లల్ని ఎలా ప్రిపేర్ చేయాలో, లంచ్ బాక్సులో ఏం పెట్టాలో చదువుతుంటారు. ఈ నెల నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. రాయమని నన్నెవరూ అడగలేదు. ఫోటోలో దాగి ఉండే కొన్ని అంకెల్ని సగం చదివి వదిలేయడం వల్ల ఆ తప్పు జరిగింది. అవే అంకెలు మీ ఫోన్‌తో తీసిన ప్రతి ఫోటోలోనూ ఉన్నాయి. మీ పిల్లల ఫోటోల్లో కూడా ఉన్నాయి. అందుకే మీకు చెప్పాలనిపించింది.

నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఎఫ్ఏ-1 ప్రాజెక్టుగా ఎనిమిదో తరగతికి ఒక చిన్న పని ఇచ్చాను. ఆదివారం నాడు ముప్పై సెంటీమీటర్ల స్కేలుని ఎండలో నిలబెట్టాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దాని నీడను ఫోటో తీయాలి. పక్కన టేపు పెట్టి నీడ పొడవు కొలవాలి. ఇంతే. వానలు కాస్త తెరిపి ఇచ్చిన జూలై ఆదివారం అది. పిల్లలు సంతోషంగానే చేశారు. కొందరు ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపారు, కొందరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు.

ముప్పై ఎనిమిది మంది పిల్లలు, మనిషికి మూడు ఫోటోలు. అన్నీ చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. నెట్‌లోంచి దించుకున్నవేవో, నిజంగా తీసినవేవో తెలుసుకోవడానికి నాకో ఉపాయం తట్టింది. స్కూల్ కంప్యూటర్‌లో ఫోటో మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, డీటెయిల్స్ అన్న చోట నొక్కితే ఫోటో ఎప్పుడు తీశారో కనిపిస్తుంది. ఆ ఉపాయం తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఒక అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో మొదటి ఫోటో తెరిచాను. పొద్దుటి ఎండ, పొడుగాటి నీడ, చక్కగా వచ్చింది. డీటెయిల్స్‌లో తేదీ చూస్తే శనివారం అని ఉంది. ప్రాజెక్టు నేను ఇచ్చిందే శనివారం ఆఖరి పీరియడ్‌లో. ఇవ్వకముందే పొద్దుటి నీడ ఫోటో ఎలా వస్తుంది? ఎవరిదో పాతది తెచ్చిందని తీర్మానించేశాను. మిగిలిన రెండు ఫోటోలు తెరవలేదు.

మర్నాడు క్లాసులో అందరి ముందూ అడిగాను, "ఇది నువ్వు తీసిందేనా?" అని. "నేనే తీశాను మేడం" అంది. "ఫోటో వేరే మాట చెబుతోంది" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి ఏడవలేదు, వాదించలేదు, కూర్చుంది. ప్రాజెక్టు మార్కులు సున్నా వేశాను. ఆ తర్వాత వారం రోజులూ నా క్లాసులో తను చెయ్యెత్తలేదు. అది నేను గమనించాను. గమనించి కూడా, తప్పు దొరికిపోయింది కదా అందుకే అనుకున్నాను.

పీటీఎం రోజున వాళ్ళ అమ్మగారు గుడ్డ సంచిలో కెమెరా పెట్టుకుని వచ్చారు. కోపంగా ఏమీ లేరు. "మేడం, మా తమ్ముడు పోయినసారి అమెరికా నుంచి వచ్చినప్పుడు ఇది పాపకి ఇచ్చి వెళ్ళాడు. మీరు చూసింది ఇందులో తీసిందే. మళ్ళీ ఒకసారి చూస్తారా?" అన్నారు. నేను కెమెరా ఆన్ చేశాను. అప్పుడు టైము పొద్దున పదకొండు. కెమెరా మూలన మాత్రం ముందు రోజు తేదీ, రాత్రి ఒకటిన్నర అని ఉంది. అంటే తేదీ మారింది కానీ... కాదు, రాత్రి ఒకటిన్నర అంటే ఆ రోజు తేదీయే. నేను కంగారులో దాన్ని కూడా మొదట తప్పు చదివాను. వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటే తేడా సరిగ్గా తొమ్మిదిన్నర గంటలు వచ్చింది. వాళ్ళ తమ్ముడు ఉండేది న్యూజెర్సీలో. కెమెరా గడియారం ఇంకా అక్కడే ఉంది.

ఆదివారం పొద్దున 7 గంటల 10 నిమిషాల్లోంచి తొమ్మిదిన్నర గంటలు తీసేయండి. శనివారం రాత్రి 9 గంటల 40 నిమిషాలు వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫోటో మళ్ళీ తెరిచాను. 21:40 అనే ఉంది. మొదటిసారి తేదీ చూశాను కానీ దాని పక్కనే ఉన్న టైము చూడలేదు. రెండో ఫోటో, నడినెత్తిన ఎండలో తీసింది, ఆదివారం తెల్లవారుజామున 2 గంటల 50 నిమిషాలు అంటోంది. అది ఒక్కటి తెరిచి ఉన్నా సంగతి అప్పుడే తెలిసిపోయేది.

ఇక్కడితో అయిపోలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ కింది విషయం.

ఆ డీటెయిల్స్‌లో తేదీ ఒక్కటే కాదు, ఎక్స్‌పోజర్ వివరాలు కూడా ఉంటాయి. అంటే కెమెరా కన్ను ఎంతసేపు తెరుచుకుంది, ఎంత వెడల్పుగా తెరుచుకుంది, వెలుగుని ఎంత పెంచుకుంది అన్నవి. ఆ అమ్మాయి మొదటి ఫోటోకి షట్టర్ సెకనులో 250వ వంతు, అపర్చర్ ఎఫ్/5.6, ఐఎస్ఓ 100, ఫ్లాష్ వెలగలేదు అని ఉన్నాయి. రాత్రి 9:40కి, ఫ్లాష్ లేకుండా, ఆ అంకెలతో ఫోటో రాదు. తర్వాత మా స్టాఫ్‌లో ఒకరి కెమెరా అడిగి తీసుకుని ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద అవే అంకెలు పెట్టి తీసి చూశాను. నల్ల పలక వచ్చింది. ట్యూబ్‌లైట్ వెలుతురులో అదే ఎఫ్/5.6, అదే ఐఎస్ఓ 100తో ఫోటో సరిగ్గా రావాలంటే షట్టర్‌ని సుమారు అర సెకను తెరిచి ఉంచాలి. అంటే వంద రెట్లకు పైగా ఎక్కువసేపు. కాబట్టి ఆ ఫోటో ఎండలో తీసిందేనని, గడియారమే తప్పని ఆ అంకెలు ముందే చెప్పాయి. ఒకే పేజీలో ఒక సాక్షి తప్పు చెబుతుంటే ఇంకో సాక్షి నిజం చెబుతోంది. నేను కాంతి పాఠం చెప్పే టీచర్ని. తప్పు చెప్పిన సాక్షినే నమ్మాను.

మర్నాడు అదే క్లాసులో, అందరి ముందే సారీ చెప్పాను. మార్కులు దిద్దాను. స్టాఫ్ రూంలో ఒకరిద్దరు "విడిగా పిలిచి చెప్తే సరిపోయేది కదా, పిల్లల ముందు లోకువైపోతాం" అన్నారు. తిట్టింది అందరి ముందు, సారీ మాత్రం చాటుగానా? అది నాకు నచ్చలేదు.

సరే, నా కథ ఆపి అసలు ఈ అంకెలేమిటో చెబుతాను.

మన అమ్మానాన్నల ఆల్బమ్‌లలో కొన్ని ఫోటోల మూలన నారింజ రంగులో తేదీ అచ్చయి ఉండేది గుర్తుందా? అది బొమ్మ మీదే పడేది, చెరపడానికి వీలుండేది కాదు. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆ తేదీ బొమ్మ మీంచి ఫైల్ లోపలికి వెళ్ళింది. ఏ కంపెనీ కెమెరా అయినా ఈ వివరాల్ని ఒకే పద్ధతిలో రాయాలని జపాన్‌లోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం ఒకటి 1995లో ఒక ప్రమాణం తయారు చేసింది. దాని పేరు ఎగ్జిఫ్. కెమెరా కంపెనీ, మోడల్, తీసిన తేదీ, టైము, షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ, లెన్స్ ఫోకల్ లెంగ్త్, ఫ్లాష్ వెలిగిందా లేదా, ఫోన్ని నిలువుగా పట్టుకున్నామా అడ్డంగా పట్టుకున్నామా, ఇవన్నీ అందులో ఉంటాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో తీసిన చోటు కూడా ఉంటుంది.

ఒక తమాషా ఏమిటంటే, ఆ టైము ఏ దేశానిదో రాసుకునే చోటు చాలా ఏళ్ళు ఆ ప్రమాణంలో లేదు. 2016లో వచ్చిన 2.31 వెర్షన్‌లో దాన్ని చేర్చారు. అంతకుముందు వచ్చిన కెమెరాలు "21:40" అని మాత్రమే రాస్తాయి. న్యూజెర్సీ 21:40నా, నెల్లూరు 21:40నా అన్నది వాటికి పట్టదు.

చూడటం చాలా తేలిక. ఫోన్లో గూగుల్ ఫోటోస్ తెరిచి ఏదో ఒక ఫోటో మీద వేలు పెట్టి పైకి జరపండి. కింద తేదీ, కెమెరా పేరు, ఎఫ్ అంకె, షట్టర్, ఐఎస్ఓ వరుసగా కనిపిస్తాయి. ఐఫోన్‌లో కూడా పైకి జరిపితే చాలు, లేదా గుండ్రంలో 'ఐ' అక్షరం ఉన్న గుర్తుని నొక్కండి. కంప్యూటర్‌లో ఎలాగో పైన చెప్పేశాను. ఇంకా లోతుగా చూడాలనుకునే వాళ్ళకి ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అయితే అది పిల్లల కంటే ఇంట్లో ఇంజనీరింగ్ చదివే అన్నయ్యలకి బాగుంటుంది.

ఒక్క జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా ఫోటోగా పంపిన వాటిలో ఈ వివరాలు ఉండవు. వాట్సాప్ ఫోటోని కుదించేటప్పుడు వాటిని తీసేస్తుంది. అలా వచ్చిన ఫోటోకి కనిపించే తేదీ మీ ఫోన్లోకి అది వచ్చిన రోజు మాత్రమే, తీసిన రోజు కాదు. అదే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే అన్ని వివరాలూ చెక్కుచెదరకుండా వెళ్తాయి. మెయిల్‌లో జత చేసినా అంతే, పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసినా అంతే. స్క్రీన్‌షాట్ తీస్తే మాత్రం అసలు ఫోటో వివరాలేవీ అందులోకి రావు.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. ఈ అంకెలు మీ పిల్లలకి మీరే చూపించాలి. కంప్యూటర్ క్లాసులో ఎప్పుడో చెబుతారులే అని వదిలేయకండి. ట్యూషన్ ఫీజు లేకుండా మూడు సబ్జెక్టులు వీటిలో దొరుకుతాయి. నేను అతిగా చెబుతున్నానని అనుకోకండి, ఒక ఆదివారం పెట్టి చూడండి.

షట్టర్ అంకె భిన్నం. ఆరో తరగతి పిల్లలు చాలామంది 1/500 అనేది 1/15 కంటే పెద్దదంటారు, 500 పెద్ద అంకె కాబట్టి. పోయినేడాది యాన్యువల్ డే ఫోటోలు తీయండి. డాన్సులో మీ అబ్బాయి చెయ్యి ఎందుకు చెదిరిపోయిందో వాడితోనే వెతికించండి. అక్కడ 1/15 అని ఉండొచ్చు. సెకనుకి మూడు మీటర్ల వేగంతో పరుగెత్తే పిల్లవాడు సెకనులో పదిహేనో వంతులో 20 సెంటీమీటర్లు కదులుతాడు. 500వ వంతులో అయితే 6 మిల్లీమీటర్లే. అందుకే స్పోర్ట్స్ డే రోజు ఎండలో తీసిన ఫోటోలో వాడు గాలిలో ఆగిపోయినట్టు కనిపిస్తాడు. ఏ భిన్నం పెద్దదో వాడు ఇంకెప్పుడూ మర్చిపోడు. నేను బోర్డు మీద పది రకాలుగా చెప్పినా అంత బాగా ఎక్కదు, ఇది అనుభవం మీద చెబుతున్నాను.

ఎఫ్ అంకె ఇంకా బాగుంటుంది, కాకపోతే పెద్ద పిల్లలకి. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని దాని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ అంకె. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కి ఎఫ్/2 అంటే రంధ్రం వ్యాసం 25 మిల్లీమీటర్లు. ఎఫ్/4 అంటే పన్నెండున్నర. వ్యాసం సగమైంది, మరి లోపలికి వచ్చే వెలుగు? సగం కాదు, పావు వంతు. ఎందుకంటే వెలుగు వచ్చేది వైశాల్యంలోంచి. కెమెరా మీద 1.4, 2, 2.8, 4, 5.6, 8 అని వరుస ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ వరుస ఇచ్చి ఒక్కొక్కటీ ముందుదానికి ఎన్ని రెట్లో కనుక్కోమనండి. రూట్ టూ దగ్గరికి వచ్చి ఆగుతారు. కరణీయ సంఖ్యలు జీవితంలో ఎక్కడ పనికొస్తాయి మేడం అని అడిగేవాళ్ళకి నా దగ్గర ఇన్నాళ్ళూ జవాబు లేదు. ఫోన్లలో మాత్రం ఈ రంధ్రం సాధారణంగా మారదు, ఒకే అంకె కనిపిస్తుంది. పాత కెమెరా ఇంట్లో ఉంటే బీరువాలోంచి తీయండి.

ఐఎస్ఓ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చీకట్లో కెమెరా ఆ అంకెని పెంచుకుంటుంది, పెంచిన కొద్దీ ఫోటోలో ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది. పుట్టినరోజు కేకు దగ్గర లైట్లార్పి తీసిన ఫోటో చూడండి.

మూడోది సోషల్. మన దేశమంతటికీ ఒకే టైము ఇచ్చేది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకి దగ్గర్లోంచి వెళ్తుంది. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 82½ని 15తో భాగిస్తే 5½ వస్తుంది. గ్రీనిచ్ కంటే మనం అయిదున్నర గంటలు ముందు. న్యూజెర్సీ వాళ్ళ టైము 75 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద నడుస్తుంది, అంటే అయిదు గంటలు వెనక. వేసవిలో వాళ్ళు గడియారం ఒక గంట ముందుకు తిప్పుకుంటారు కాబట్టి నాలుగు. అయిదున్నర, నాలుగు కలిపితే తొమ్మిదిన్నర. ఒక కెమెరా గడియారంలో ఈ పాఠమంతా ఉంది. మనలో చాలామందికి బాబాయో మేనమామో అక్కడ ఉన్నారు. ఫోన్ చేసేముందు ఈ లెక్క రోజూ వేస్తూనే ఉంటాం, అది పాఠమని పిల్లలకి చెప్పం, అంతే.

ఇక భయపడాల్సిన సంగతి.

లొకేషన్ ఆన్‌లో ఉండగా తీసిన ఫోటోలో అక్షాంశం, రేఖాంశం డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. అక్షాంశంలో ఒక్క సెకను అంటే నేల మీద సుమారు 31 మీటర్లు. అంటే మీ వీధి కాదు, మీ ఇల్లే తెలిసిపోతుంది. 2012 డిసెంబర్‌లో జరిగిన సంగతి ఒకటుంది. యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్‌తో పేరు తెచ్చుకున్న జాన్ మెకాఫీ కోసం బెలీజ్ దేశపు పోలీసులు వెతుకుతున్నారు. ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఆయనతో ఉన్న పత్రిక వాళ్ళు ఫోన్‌తో తీసిన ఒక ఫోటోని అలాగే ఆన్‌లైన్‌లో పెట్టేశారు. అందులో ఉన్న అంకెలు పట్టుకుని చదువరులే ఆయన పక్క దేశం గ్వాటెమాలాలో ఉన్నాడని కనిపెట్టేశారు. కంప్యూటర్ భద్రత మీద కంపెనీ పెట్టిన మనిషి పరిస్థితే అది.

మనవి అంత పెద్ద కథలు కావు. మన పాప స్కూల్ బస్సు ఎక్కే చోటు, టైము, ఇల్లు, డాన్స్ క్లాసు. ఇవన్నీ ఒక నెల ఫోటోల్లో ఉంటాయి. ఇందులో స్కూల్ తరఫున మేం చేసిన పొరపాటు కూడా ఉంది. ఇండిపెండెన్స్ డేకి, సంక్రాంతి ముగ్గుల పోటీకి, "ఫోటో క్లియర్‌గా రావాలి, డాక్యుమెంట్‌గా పంపండి" అని గ్రూపులో మెసేజ్ పెట్టేది మేమే. నేనూ పెట్టాను. క్లారిటీ కోసం అడిగాం కానీ, మీ ఇంటి అడ్రస్ కూడా గ్రూపులో ఉన్న వందమందికీ పంపమని అడుగుతున్నామని మాకు తట్టలేదు. ఇకనుంచి నా క్లాసుల వరకూ మామూలు ఫోటోగానే అడుగుతాను. ముగ్గు కాస్త మసకగా కనిపిస్తే కనిపించనివ్వండి. మిగతా క్లాసుల్లో కూడా అలాగే చేయాలని స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను, మీరు కూడా పీటీఎంలో అడిగితే నాకు బలం వస్తుంది.

మీ వైపు నుంచి చేయాల్సినవి కొన్నే. ఆండ్రాయిడ్ ఫోన్లో కెమెరా సెట్టింగ్స్ తెరిస్తే లొకేషన్ ట్యాగ్ అనో, సేవ్ లొకేషన్ అనో ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో లొకేషన్ సర్వీసెస్, అందులో కెమెరా దగ్గర నెవర్ అని పెట్టండి. టూర్లకి వెళ్ళినప్పుడు ఊరి పేర్లు గుర్తుండాలి కదా అంటారా, ఆపకుండానే ఉంచుకుని, ఫోటో షేర్ చేసేటప్పుడు పైన ఆప్షన్స్ నొక్కి లొకేషన్ తీసేసి పంపే వీలు ఐఫోన్‌లో ఉంది. కంప్యూటర్‌లో అదే డీటెయిల్స్ పేజీ అడుగున ఈ వివరాల్ని తీసేసే లింకు ఉంటుంది. ఇవన్నీ చేశాక కూడా ఫోటోలో పాప మెడలోని ఐడీ కార్డు, వెనకాల గేటు మీద ఇంటి నంబరు కనిపిస్తుంటే చేసిందంతా వృథా. అది ఏ సెట్టింగ్‌తోనూ పోదు, మన కళ్ళతోనే చూసుకోవాలి.

చివరగా ఒక మాట, ఇది కొంతమంది పేరెంట్స్‌కి నచ్చకపోవచ్చు. నా సారీ సంగతి తెలిశాక ఒక నాన్నగారు నన్ను ఆపి, "మేడం, ఆ డీటెయిల్స్ ఎలా చూడాలో నాకూ చెప్పండి, మావాడు ట్యూషన్‌కి వెళ్ళానని ఫోటో పంపుతాడు, నిజమో కాదో తేల్చేస్తాను" అన్నారు. చూడటం ఎలాగో చెప్పాను, దాచాల్సిన విద్యేమీ కాదు. కానీ దానితో తేల్చకండి అని కూడా చెప్పాను. తేదీ తప్పు ఉండొచ్చు, బ్యాటరీ అయిపోతే కొన్ని కెమెరాల గడియారం ఎప్పటిదో పాత తేదీకి వెళ్ళిపోతుంది. గదిలో ఉంటే లొకేషన్ పక్క వీధి చూపించవచ్చు. పైగా ఆ తేదీని ఎవరైనా మార్చేయవచ్చు, కంప్యూటర్‌లో ఆ తేదీ మీద క్లిక్ చేసి వేరేది టైప్ చేస్తే చాలు. ఈ విషయం మీకంటే ముందు మీ అబ్బాయికి తెలుస్తుంది. అప్పుడు అబద్ధం ఆడేవాడు తేదీ మార్చి తప్పించుకుంటాడు. నిజం చెప్పే అమాయకుడు కెమెరా గడియారం తప్పై దొరికిపోతాడు, మా క్లాసులో జరిగినట్టే.

ఆయన కాసేపు ఆలోచించి, "మరి వాడు వెళ్తున్నాడో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నారు. ట్యూషన్ సార్‌కి ఒకసారి ఫోన్ చేయండి అన్నాను. అంతకంటే ముందు వాణ్ణే అడగండి అని కూడా అన్నాను. నేను ఆ అమ్మాయిని అడగలేదు కదా. "నేనే తీశాను మేడం" అన్నప్పుడు, "ఎలా తీశావు, దేనితో తీశావు, ఆ కెమెరా ఎక్కడిది?" అని మూడు ప్రశ్నలు వేసి ఉంటే అమెరికా మావయ్య సంగతి అప్పుడే బయటికి వచ్చేది.

స్టాఫ్‌లో ఒకరు ఇక మీద అన్ని ప్రాజెక్టులనూ ఇలాగే చెక్ చేద్దామన్నారు. నేను వద్దన్నాను. వచ్చే ప్రాజెక్టుకి నేను అడగబోయేది వేరు. పిల్లలే తమ ఫోటో డీటెయిల్స్ తెరిచి, షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ నోట్‌బుక్‌లో రాసి, పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఆ అంకెలు ఎందుకు మారాయో రెండు ముక్కలు రాయాలి. నీడ ఫోటోల్లో పొద్దున 1/250, ఎఫ్/5.6 ఉన్నది మధ్యాహ్నానికి 1/500, ఎఫ్/8 అయింది. కాలమూ సగమైంది, రంధ్రమూ సగమైంది. ఎండ ఎన్ని రెట్లు పెరిగిందో మీరూ లెక్క వేసి చూడండి, పిల్లల్ని అడగకుండా.

ఆ అమ్మాయి ఇప్పుడు మళ్ళీ చెయ్యెత్తుతోంది. మొన్న కారిడార్‌లో కనిపిస్తే, కెమెరాలో టైము మన టైముకి మార్చావా అని అడిగాను. లేదట. "మావయ్యకి ఫోన్ చేసేముందు అక్కడ ఎంతయిందో చూసుకోడానికి పనికొస్తుంది, మార్చొద్దని మా అమ్మ అంది మేడం" అంది.